మందంగా తీసిన చెక్కు

“అమ్మా, ఏంటలా తీస్తున్నావ్? చెక్కుతో పాటు దుంపంతా పోతోంది!”

మా అమ్మాయి కేకేసేదాకా నా చేతులేం చేస్తున్నాయో నాకే తెలియలేదు. ఆదివారం. దుబాయ్ అల్ కుసైస్‌లో మా తెలుగు సంఘం ఆరాధన కోసం అద్దెకు తీసుకున్న హాలు వెనక చిన్న వంటగది ఉంది. ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది కాబట్టి ఆడవాళ్ళం కొందరం ముందే వచ్చి కూరల పని చూస్తాం. ఆ రోజు కుర్మాకి బంగాళాదుంపల చెక్కు తీసే పని నాకు పడింది. సగం పని అయిందో లేదో, ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. సెన్యోర కూతురు పంపింది. “మారీ, అమ్మ వెళ్ళిపోయింది. పొద్దున్నే, తన బల్ల దగ్గర కూర్చుని ఉండగానే. నీకు చెప్పాలనిపించింది.” అంతే. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ దుంప అందుకున్నాను.

కేక విని చేతిలోని దుంప వంక చూసుకున్నాను. నిజమే, చెక్కు కాదు, ముక్కలే పోతున్నాయి. అది చూసి నాకు పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే ఏడుపొచ్చింది. పాస్టరమ్మగారు కంగారుపడిపోయారు.

“ఏమైంది మరియమ్మా? ఎవరైనా పోయారా ఏంటి?”

“పోయారండీ. పెద్దావిడ.”

“అయ్యో. మనవాళ్ళేనా?”

“మనవాళ్ళేనండీ. పెరూ దేశం.”

పాస్టరమ్మగారు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు, జ్వరమేమోనని. నేనేమీ వివరం చెప్పలేదు. కుర్మా పొయ్యి మీదున్నప్పుడు చెప్పే సంగతి కాదది. ఇంటికొచ్చి తీరిగ్గా రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. వాళ్ళ దేశంలో ఒకప్పుడు ఆ పేరు తెలియనివాళ్ళు లేరట. ఇక్కడ దుబాయ్‌లో మాత్రం వాచ్‌మన్ దగ్గర్నుంచి నా దాకా అందరికీ ఆవిడ సెన్యోరే. వాళ్ళ భాషలో అమ్మగారు అన్నట్టు. రచయిత్రి, టీవీలో కార్యక్రమం నడిపిన మనిషి. ఆ రెండూ నేను నమ్మడానికి కొంతకాలం పట్టింది. ఎందుకంటే నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ తుంటి ఎముక విరిగి మంచం మీదుంది, నోటికొచ్చినట్టు ఎవరినో తిడుతోంది, పెదాలకి మాత్రం ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకునుంది.

అది 2020. కూతురు ఇక్కడ ఒక విమానాల కంపెనీలో కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చేది. ఆమెను చూసిపోదామని నెలరోజుల కోసం వచ్చిన తల్లి, కరోనాతో విమానాలు ఆగిపోయి ఇరుక్కుపోయింది. ఇరుక్కున్నది చాలదన్నట్టు బాత్రూమ్‌లో జారిపడింది. ఆపరేషన్ అయ్యాక చూసుకోవడానికి మా ఏజెన్సీ వాళ్ళు నన్ను పంపారు. నేను నరసాపురం దగ్గర నర్సింగ్ చదువుకున్నదాన్ని. కానీ ఏజెన్సీ వీసా మీద ఇళ్ళకెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే పని నాది. అల్ వర్సాన్‌లో ఏజెన్సీ గది, గదిలో రెండంతస్తుల మంచాలు, పై మంచం నాది. లాక్‌డౌన్ వల్ల రాకపోకలు కుదరక వాళ్ళింట్లోనే ఉండిపోయాను.

మొదటిరోజు బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే ఆవిడే నా చెయ్యి తిప్పి అరచెయ్యి చూసింది. జాతకం చెప్తుందేమో అనుకున్నాను.

“ఈ రోజు నీ చేతులు ఏం చేశాయి?” అంది ఇంగ్లీషులో.

ఏం చెప్పాలి? “మీ పక్క మార్చాయి, మీ బెడ్‌పాన్ కడిగాయి” అన్నాను కొంచెం కచ్చగానే.

“బాగుంది. ఇక నిజం చెప్పే మనిషి ఇంట్లోకి వచ్చినట్టే” అంది ఆవిడ.

అందరినీ అడిగే మొదటి ప్రశ్న అదే. బాగున్నారా, తిన్నారా, ఏ ఊరు, ఇవేవీ లేవు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన పఠాన్‌నీ, కింద వాచ్‌మన్‌నీ, ఫిజియోథెరపీ అమ్మాయినీ అదే అడిగేది. ఫిజియోథెరపీ పిల్లకి మొదట్లో అర్థంకాక, “మీ కాలు వంచడానికి వచ్చాయి మేడమ్” అంది పాపం. “నా కాలు సంగతి నాకు తెలుసు, అంతకుముందు ఏం చేశాయి?” అని పట్టుకుంది. ఆ పిల్ల పొద్దున్నే చెల్లెలికి వీడియో కాల్‌లో జడ వేయడం నేర్పించానని చెప్పి, చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఆ రోజు కాలు వంచే కార్యక్రమం జరగలేదు.

విమానాలు మళ్ళీ మొదలైనా, తుంటి పూర్తిగా కుదురుకునేదాకా పంపనంది కూతురు. నడక వచ్చాక ఆవిడ మకాం వంటింటి బల్ల దగ్గరికి మారింది. అక్కడ ఆవిడ పని ఒకటే, బంగాళాదుంపల చెక్కు తీయడం. దానికోసం వాళ్ళ దేశం నుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న చిన్న చాకు ఉండేది. అరిగి అరిగి సగమైంది దాని అలుగు. ఆవిడ చెక్కు తీస్తే ఎక్కడా తెగకుండా రిబ్బన్‌లా వచ్చేది, ఎదురు వెలుతురు కనిపించేంత పల్చగా. మా ఇంట్లో దుంపలు ఉడకబెట్టి తోలు తీస్తామండీ అంటే, “అది తోలు తీయడం కాదు, చొక్కా విప్పడం” అని కొట్టిపారేసింది.

ఇక్కడి దుంపలంటే ఆవిడకి తగని చులకన. సూపర్‌మార్కెట్‌కి చక్రాల కుర్చీలో తీసుకెళ్తే ఈజిప్టు దుంప, లెబనాన్ దుంప, పాకిస్తాన్ దుంప ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, “నీళ్ళు! అన్నిట్లోనూ నీళ్ళే!” అని అరిచేది. అమ్మకాల కుర్రాళ్ళు నా వంక చూసేవాళ్ళు, నేను సీలింగ్ వంక చూసేదాన్ని. వాళ్ళ కొండల్లో నల్లవి, ఊదావి, పాములా మెలికలు తిరిగినవి, రకరకాల దుంపలట. అసలు ఈ దుంప పుట్టిందే వాళ్ళ కొండల్లోనట. “నీ కంచంలోకి నాకంటే ముందే వచ్చింది చూశావా. వీసా లేకుండా వచ్చింది” అనేది, తానే పంపించినంత గర్వంగా.

ఈ చెక్కు సంగతి ఊరికే వచ్చింది కాదు. ఆవిడ టీవీ కార్యక్రమమే అది. కొండల్లోని ఊళ్ళో పుట్టి రాజధానికి వచ్చి, బజారులో కూరలమ్మే ఆడవాళ్ళ మీద కథలు రాసి, కథలతో ఇంటద్దె కట్టలేక టీవీలో చేరిందట. స్టూడియోలో ఒక బల్ల, రెండు కుర్చీలు, బుట్ట నిండా దుంపలు. వచ్చినవాళ్ళు మంత్రులైనా, పాటగాళ్ళైనా, కుస్తీ వస్తాదులైనా ఆవిడ ఎదురుగా కూర్చుని చెక్కు తీస్తూ మాట్లాడాల్సిందే. ఏళ్ళ తరబడి పొద్దున్నే జనం అది చూస్తూ వాళ్ళిళ్ళల్లో వాళ్ళూ చెక్కు తీసుకునేవాళ్ళట.

“ఎందుకు సెన్యోరా, దుంపలెందుకు?” అని అడిగాను.

“కెమెరా ముందు కూర్చోబెట్టగానే మనిషికి తన చేతులు బరువైపోతాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఆ గాభరా నోటిదాకా పాకుతుంది. చేతులకి తెలిసిన పని ఇచ్చామనుకో, నోరు దాని మానాన అది మాట్లాడుతుంది.”

ఒకసారి కొండల నుంచి ఒక ముసలి రైతమ్మని పిలిచారట. లైట్లు చూసి బిగుసుకుపోయింది. దుంప పట్టుకోదు, నోరు విప్పదు. ప్రత్యక్ష ప్రసారం. తెర వెనక వాళ్ళంతా నెత్తి కొట్టుకుంటున్నారట. అప్పుడు మా సెన్యోర ఏం చేసిందంటే, ఏమీ అడక్కుండా తన దుంప తాను తీసుకుని, కావాలనే మందంగా, వంకరటింకరగా చెక్కు తీయడం మొదలుపెట్టింది. కాసేపు చూసింది ముసలమ్మ. ఇంకాసేపు చూసింది. ఇక ఆగలేక చేతిలోంచి చాకు లాక్కుని, “నీ తల్లి నీకేం నేర్పలేదా?” అని మొదలుపెట్టి, తన తల్లి గురించీ, పొలం గురించీ, గనిలో పోయిన కొడుకు గురించీ కార్యక్రమం అయిపోయేదాకా చెప్పిందట.

“తప్పు చూసి ఊరుకోగలిగే మనిషిని నేనింతవరకూ చూడలేదు మారీ” అని నవ్వింది సెన్యోర. కథ చెప్పినప్పుడల్లా ఆ చోట నవ్వేది.

చివరికి ఆ టీవీకి కొత్త అధికారి వచ్చి, బల్ల తీసేసి సోఫాలు వేద్దాం, కుటుంబాల్ని పిలిచి తగువులు పెట్టుకోనిద్దాం, జనం అదే చూస్తున్నారు అన్నాడట. “సోఫాలో కూర్చున్నవాడి చేతులు ఏం చేస్తాయి? పక్కవాణ్ణి కొడతాయి” అని, ఆఖరి రోజు ఆఖరి దుంప తీసి, ఆ చాకుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని బయటికొచ్చేసింది. దుబాయ్ తెచ్చుకున్న చాకు అదే.

అంత మనిషి కదా అని దేవత అనుకోకండి. మహా టెక్కు ఆవిడకి. మాల్‌లో ఎవరో పెరూ పిల్ల గుర్తుపట్టి, “మా అమ్మమ్మ మీ కార్యక్రమం తప్ప వేరేది చూసేది కాదు” అంటే, పట్టనట్టు మొహం పెట్టింది. ఇంటికొచ్చాక వారం దాకా లిప్‌స్టిక్ లేకుండా మంచం దిగలేదు. అరబ్బీ వార్తలు సౌండ్ తీసేసి పెట్టుకుని చదివేవాళ్ళ చేతులకి మార్కులు వేసేది. “వీడు చూడు, వేళ్ళు దాచుకుంటున్నాడు. నమ్మకు.” పాపం ఆ మనిషి ఎండ వేడిమి గురించి చెప్తున్నాడని నాకు తెర కింద సూర్యుడి బొమ్మలు చూస్తే తెలిసిపోయేది. ఆవిడ మాత్రం నమ్మేది కాదు. పొద్దున్నే బాల్కనీలో కూర్చుని రాసుకునేది. ఒకసారి తన కథొకటి ఇంగ్లీషులోకి మార్చి మార్చి నాకు చదివి వినిపించింది. నేను నిద్రపోయాను. లేచి సిగ్గుపడుతుంటే, “నర్సుని నిద్రపుచ్చానంటే బాగా రాసినట్టే” అంది. ఆ మాట మనసారా అందో, లోపల ఉడుక్కుందో ఇప్పటికీ తెలియదు.

ఆ బల్ల దగ్గర చెక్కు తీయనివాళ్ళు లేరు. కూతురు కారు నడపడానికి కడప నుంచి వచ్చిన మస్తాన్ భాయ్ ఉండేవాడు. మొదటిరోజు బయటికొచ్చి నాతో మొరపెట్టుకున్నాడు.

“ఏం సిస్టర్, ఆ యమ్మ నన్ను కూకోబెట్టి ఉర్లగడ్డలు చేతికిచ్చిందే! నేను డ్రైవర్‌నా, వంటోణ్ణా?”

“మరి ఏం చేశావు భాయ్?”

“ఏం జేసేది, తీసినా. తీస్తా తీస్తా మా నాయన సంగతి చెప్పేసినా. మా ఇంట్లో ఆడదానికి గూడ ఎప్పుడూ చెప్పలా. మళ్ళ ఎప్పుడు పిలుస్తాదో అడుగు సిస్టర్.”

ఇక నా సంగతి.

మా అమ్మాయిని మూడేళ్ళప్పుడు మా అక్క దగ్గర వదిలి వచ్చాను. నా భర్తది తూర్పు తీరాన కల్బా ఊళ్ళో ఏసీలు బాగుచేసే దుకాణంలో పని. ఆయన గదిలో ఆరుగురు, నా గదిలో ఎనిమిదిమంది. పిల్లని తెచ్చుకోవాలంటే నాకు ఆస్పత్రి ఉద్యోగం రావాలి. అది వస్తేనే కుటుంబ వీసా, ఇల్లు, బడి. అక్కడ పిల్ల అక్కని ‘అమ్మా’ అనడం మొదలుపెట్టింది. నన్ను ‘దుబాయ్ అమ్మ’ అనేది. వీడియో కాల్‌లో అక్క, “దుబాయ్ అమ్మకి ముద్దు పెట్టు” అంటే పెట్టి పారిపోయేది. అక్కని ఏమంటాను? కళ్ళలో పెట్టుకుని చూస్తోంది.

ఇక్కడి నర్సుల రాతపరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూలే నా కొంప ముంచాయి. నలుగురు నా వంక చూస్తే చాలు, నాకు నోరు పడిపోతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. మా ఊళ్ళో చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడేదాన్ని, మాట రాక కళ్ళనీళ్ళు వచ్చేవి, కూర్చునేదాన్ని. జనం నన్ను పరిశుద్ధాత్మ తాకిందనుకుని “స్తోత్రం, స్తోత్రం” అనేవాళ్ళు. అలా మా ఊళ్ళో నాకు గొప్ప భక్తురాలినని పేరొచ్చింది. ఆస్పత్రి వాళ్ళు మాత్రం స్తోత్రం అనలేదు, “థాంక్యూ, నెక్స్ట్” అన్నారు. రెండు చోట్ల అలాగే అయింది.

రెండోసారి తిరిగొచ్చిన రోజు సెన్యోర నన్ను ఓదార్చలేదు. బుట్ట ముందుకి తోసింది. నా చేతికి చెక్కు తీసే పీలర్ ఇచ్చి, మసాలా డబ్బాకి తన పాత ఫోన్ ఆనించి కెమెరా పెట్టింది. చేతి వేళ్ళు చూపించింది, మూడు, రెండు, ఒకటి. ఆ ‘ఒకటి’ తర్వాత మాట ఉండదు, వేలు మాత్రం నా వైపు తిరుగుతుంది. స్టూడియోలో అలాగే చేసేవాళ్ళట.

“మీ గురించి చెప్పండి.”

నోరు పెగల్లేదు. “చెక్కు తియ్యి” అంది. తీశాను. “ఇప్పుడు చెప్పు.” చెప్పాను. నా పేరు, మా ఊరు, మొదటి డ్యూటీలో నేను పట్టుకున్న మొదటి బిడ్డ. ఎంతసేపు మాట్లాడానో, దుంపలు అయిపోయాక చూసుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కొన్ని నెలలు ఇంట్లో అదే తంతు. వాళ్ళమ్మాయి ఇంటికొచ్చి, “మళ్ళీ దుంపలేనా?” అని ఏడ్చేది. మేము దుంపలతో చేయని వంటకం లేదు. మా వేపుడు, వాళ్ళ పులుసు, రెండూ కలిసిన ఇంకేదో. కల్బా నుంచి సెలవు రోజున వచ్చిన మా ఆయన ఇదంతా చూసి, “ఏంటి, ఆస్పత్రిలో ఉద్యోగమా, కూరగాయల కొట్లోనా?” అని వెటకారం చేశారు. సెన్యోర ఆయన్నీ కూర్చోబెట్టింది. ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయను, రాస్తే ఊరుకోరు.

2022లో మూడో ఇంటర్వ్యూ వచ్చింది. బయల్దేరుతుంటే సెన్యోర నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక దుంప, పీలర్ వేసింది.

“సెన్యోరా, పరువు పోతుంది!”

“బయటికి తీయకు. అది ఉందని చేతులకి తెలిస్తే చాలు.”

మస్తాన్ భాయ్ నన్ను ఆస్పత్రి గేటు దగ్గర దింపి, “యల్లా, పద సిస్టర్, అల్లా మేలు జేస్తాడు” అన్నాడు. గేటు దగ్గర బ్యాగులు తనిఖీ. సెక్యూరిటీ మనిషి పీలర్ తీసి అటూ ఇటూ తిప్పి, “ఇది లోపలికి కుదరదు, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి” అన్నాడు. దుంప తీసి చూసి, నన్ను చూసి, ఏం అడగాలో తెలియక దుంప తిరిగి బ్యాగులో వేశాడు. నా ప్రాణం సగం అక్కడే పోయింది.

లోపల ఇద్దరు. ఒక ఈజిప్టు డాక్టరు, ఒక మలయాళీ మేట్రన్. మేట్రన్ నవ్వే రకం కాదని కూర్చున్న తీరులోనే తెలుస్తోంది.

“మీ గురించి చెప్పండి.”

ఠక్కున నోరు పడిపోయింది. మా పిల్ల కళ్ళ ముందు మెదిలింది, ముద్దు పెట్టి పారిపోతూ. చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్ళింది. దుంప దొరికింది. కొత్త దుంప, పల్చటి తోలు. బొటనవేలి గోరుతో గీరితే ఊడొస్తోంది. గీరుతూ మొదలుపెట్టాను. “నా పేరు మరియమ్మ. మాది గోదావరి సముద్రంలో కలిసే చోటు.” ఇక ఆగలేదు.

కాసేపటికి మేట్రన్ చెయ్యెత్తి ఆపింది. “చేతిలో ఏంటది?”

అబద్ధం ఆడే తెలివి నాకు అప్పటికప్పుడు రాదు. దుంప బల్ల మీద పెట్టి ఉన్నదంతా చెప్పాను, సెన్యోర గురించీ, పీలర్ గేటు దగ్గర ఉండిపోయిన సంగతీ. డాక్టరు గట్టిగా నవ్వి, “ఇది మా దేశపు దుంపే” అన్నాడు. మేట్రన్ నవ్వలేదు. “తీసుకో. కానివ్వు” అంది. తీసుకున్నాను. ఊపిరి ఆగిన రోగి గురించి అడిగింది, మందు తప్పుగా ఇస్తే ఏం చేస్తావంది, చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళతో ఏమంటావంది. గీరుతూ అన్నీ చెప్పాను. నా చుడీదార్ నిండా తోలు ముక్కలు.

చివరికి ఆవిడ లేచింది. “లే. ఆ చేతులతో నా ఆస్పత్రిలో ఏదీ ముట్టుకోవడానికి వీల్లేదు. అదిగో సింకు. కడుక్కో, నేను చూస్తాను.”

పక్కన నిలబడింది. నర్సుకి చేతులు కడుక్కోవడం అంటే ఏమిటో నర్సులకే తెలుసు. అరచేతులు, చేతి వెనక, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళు, మణికట్టు. గోళ్ళలో మట్టి ఉందని అక్కడ ఇంకాసేపు రుద్దాను. మోచేత్తో కుళాయి కట్టాను. ఆవిడే కాగితం తుండు అందించింది.

“ఒకటో తారీకున చేరు. దుంప తేవద్దు.”

ఇంటికెళ్ళి చెప్తే సెన్యోర ఆ కథ నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. సింకు దగ్గరికి వచ్చినప్పుడల్లా బల్ల చరిచేది. “ఆ మేట్రన్‌ని నా కార్యక్రమానికి పిలవాల్సింది!” అనేది. నేను కాళ్ళకి దణ్ణం పెట్టబోతే తుంటి నొప్పి నటించి వెనక్కి జరిగింది.

ఆ ఏడాది ఆఖరుకి మా అమ్మాయి వచ్చింది.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన పిల్ల, ఎయిర్‌పోర్ట్‌లో నా చెయ్యి పట్టుకోలేదు. బ్యాగు పట్టీ పట్టుకుని నడిచింది. ఇంట్లో పెట్టింది తినేది, చెప్పింది చేసేది, మాట మాత్రం లేదు. అడిగితే తల ఊపేది. ఫోన్‌లో అక్కతో మాత్రం, “అమ్మా, ఎప్పుడు తీసుకెళ్తావ్?” అని గుసగుసలాడేది. నేను పక్కగదిలో వింటూ గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. వీసా తెచ్చుకున్నాను, ఇల్లు తెచ్చుకున్నాను, పిల్లని తెచ్చుకోలేకపోయానా అని బెంగపడిపోయాను. మా ఆయన “అలవాటవుతుందిలే” అనేవారు. అలవాటవలేదు. నెలలు గడిచాయి.

అప్పటికి సెన్యోర తిరిగి వాళ్ళ దేశం వెళ్ళిపోవడానికి సిద్ధమవుతోంది. సొంత దుంపలు తిని చస్తానంది. వెళ్ళేలోపు మా పిల్లని చూపిద్దామని తీసుకెళ్ళాను. దారిలోనే ముందుగా చెప్పాను, ఫోన్‌లో. “మాట్లాడదు సెన్యోరా. మీరేమీ అనుకోకండి.”

“నాకు తెలుగు రాదు కదా, ఏమనుకుంటాను” అంది.

వెళ్ళేసరికి లిప్‌స్టిక్ వేసుకుని బల్ల దగ్గర కూర్చునుంది. పిల్లని చూసి నవ్వలేదు, బుగ్గ గిల్లలేదు, చాక్లెట్ ఇవ్వలేదు. తన ప్రశ్న కూడా అడగలేదు. ఎదురు కుర్చీ చూపించింది, పీలర్ పక్కన పెట్టింది, తన దుంప తాను తీసుకుంది. పిల్ల కూర్చుంది. పీలర్ ముట్టుకోలేదు. నేను పొయ్యి దగ్గర టీ పెడుతూ ఓరగా చూస్తున్నాను.

సెన్యోర చెక్కు తీస్తోంది. రిబ్బన్ లేదు. మొద్దుమొద్దు ముక్కలు ఊడి పడుతున్నాయి. చెయ్యి వణుకుతోంది. మొన్నటిదాకా బాగున్న మనిషి, పక్షవాతమేమోనని టీ వదిలేసి వెళ్ళబోయాను. ఆవిడ తలెత్తకుండానే ఒక్క వేలు ఎత్తి నన్ను ఆపింది. అప్పుడు కూడా నాకు వెలగలేదు. ఆవిడ ఇంకో దుంప తీసుకుంది. దాన్ని ఇంకా ఘోరంగా చెక్కింది. పెద్ద దుంప కాస్తా చివరికి గోళీకాయంత మిగిలింది.

మా పిల్ల కుర్చీలో కదిలింది. అక్క ఇంట్లో పెరిగిన పిల్ల. అక్కకి వృథా అంటే అస్సలు పడదు. ముందు కిందపడ్డ చెక్కు వంక చూసింది. తర్వాత దుంప వంక. ముక్కు ఎగబీల్చింది. పెదాలు కదిలాయి. సెన్యోర మూడో దుంప అందుకునేసరికి ఇక దాని వల్ల కాలేదు.

“అయ్యయ్యో, మామ్మా! అలా కాదు! ఇలా ఇవ్వు!” అని చేతిలోంచి దుంప లాక్కుని, పీలర్ అందుకుని, సర్రున ఒక గీత తీసి చూపించింది. “ఇలాగ. పల్చగా. చూశావా?”

సెన్యోర కళ్ళు పెద్దవి చేసి, తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అంది. “అయ్యో!”

పిల్ల పకపకా నవ్వింది. దుబాయ్ వచ్చాక దాని నవ్వు నేను వినడం అదే మొదలు. అప్పుడు మా అమ్మాయి, చేతిలో దుంప తిప్పుతూనే, తల వెనక్కి తిప్పి, నా వంక చూసి ఫిర్యాదు చేసింది.

“అమ్మా, ఈ మామ్మకి చెక్కు తీయడమే రాదు!”